సుమన పెట్టని సంతకం

2011 ఆగస్టు నెలాఖరున హైదరాబాదు నుంచి జనగామకు ఒక ఒప్పంద పత్రం వచ్చింది. నాలుగు పేజీలు. మూడో పేజీ మధ్యలో ఉన్న ఒక వాక్యం దగ్గర సుమన చూపు ఆగిపోయింది. ఈ సాఫ్ట్‌వేర్‌లోని కోడ్ అంతా మేము స్వయంగా రాసినదే, ఇందులో ఇతరుల కోడ్ ఏదీ లేదు అని దాని సారాంశం. అడుగున రెండు సంతకాలకు చోటు వదిలారు. ఒకటి సంస్థ యజమాని బాలనర్సయ్యకు. రెండోది కోడ్ రాసిన మనిషికి, అంటే సుమనకు.

బాలనర్సయ్య అప్పటికే తన సంతకం పెట్టేసి పెన్ను ఆమె వైపు జరిపాడు.

"పెట్టు బిడ్డా. పోస్టు పోయే యాళ్ళయింది."

"గిది నిజం కాదు సార్," అంది సుమన. పెన్ను ముట్టుకోలేదు.

సుమనది గంగారం వైపు అడవి అంచున ఉన్న లంబాడీ తండా. తండ్రి హీర్యా మక్క చేను చేసేవాడు. ఇంట్లో మాట్లాడేది వాళ్ళ సొంత భాష. తెలుగు ఆమెకు ఆరేళ్ళ వయసులో ఆశ్రమ పాఠశాలలో అలవాటైంది. ఒత్తులు కుదరక ఒక్కో మాట పలక నిండా రాసి నేర్చుకున్న పిల్ల. ఆ తరువాత హనుమకొండలో ఎంసీఏ చదివింది. తోటివాళ్ళంతా హైదరాబాదు బస్సెక్కితే ఆమె జనగామలో దిగింది. కారణం బాలనర్సయ్య.

ఆయన ముప్పై ఏళ్ళుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాడు. ఊళ్ళోని గుమస్తాల్లో సగం మంది ఆయన దగ్గర వేళ్ళు తిప్పడం నేర్చినవాళ్ళే. కాలం మారాక టైపు మిషన్లు వరండాలోకి జరిగాయి, లోపలి గదిలోకి మూడు కంప్యూటర్లు వచ్చాయి. "నీకు తోచింది చెయ్యి, నేను అడ్డం రాను" అని ఆయన మొదటి రోజే చెప్పాడు. ఆ మాట విని ఆమె చేరిపోయింది.

ఆమెకు తోచింది ఒక్కటే. ఇంటర్ చదువుతున్నప్పుడు తల్లి లచ్చి మానుకోట దవాఖాన నుంచి షుగర్ గోళీలు తెచ్చుకుంది. చీటీ ఇంగ్లీషులో ఉంది. రోజుకు ఒకటి వేసుకోవాల్సినది మూడుసార్లు వేసుకుంది. మూడో రోజు చేనులో పడిపోయింది. ఎడ్లబండి మీద రోడ్డుదాకా, అక్కడి నుంచి జీపులో పట్నానికి తీసుకుపోతే బతికింది. ఆ వారమంతా మంచం పక్కన కూర్చుని ఆ చీటీని చూస్తూ ఉండిపోయింది సుమన. తను చదివితే గానీ అమ్మకు తెలియని కాగితం, తను హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరు చదవాలి?

అందుకే జనగామలో ఆమె చేసిన మొదటి సొంత పని మందుచీటి ప్రోగ్రాం. డాక్టరు మందు పేరు ఎంచుకుంటే చాలు. చిన్న ప్రింటరు మీద తెలుగులో చీటీ వస్తుంది, పక్కన సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక. చదువు రానివాళ్ళు బొమ్మ చూసుకుంటారు, చదువు వచ్చిన పక్కింటివాళ్ళు అక్షరం చదివి పెడతారు.

అయితే టిక్కెట్లు కొట్టే ఆ చవక ప్రింటర్లకు తెలుగు తెలియదు. 'రాత్రి' అని పంపితే తకారం, రకారం విడివిడిగా పడేవి. 'మాత్ర' మరీ అన్యాయంగా ఉండేది. అక్షరాలకు ఒత్తులు పేర్చి బొమ్మగా మార్చే పని ఒంటరిగా చేయాలంటే ఏళ్ళు పడుతుంది. అప్పుడు ఇంటర్నెట్‌లో ఒక లైబ్రరీ దొరికింది. లైబ్రరీ అంటే ఒక పని కోసం ఎవరో ముందే రాసి పెట్టిన కోడ్. దీని రచయితలు తమ కోడ్‌ను ఎవరైనా చూసుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని షరతులతో బయటపెట్టారు. అందులో తెలుగు భాగం రాసింది శ్రీకాకుళంలో ఉండే గొర్లె అప్పలసూరి అనే లెక్చరర్. సుమన దాన్ని తీసుకుంది, మూడు ఒత్తులు పక్కకు జరిగిపోతుంటే సరిచేసింది, తన ప్రోగ్రాంలో పిండిలో ఉప్పులా కలిపేసింది. రోగి కార్డు మీద గీతల బార్‌కోడ్ ముద్రించడానికి మరో చిన్న కోడ్ ఇంకో చోటి నుంచి తెచ్చి అదీ కలిపింది. తెర మీద మాత్రం బాలనర్సయ్య సంస్థ పేరొక్కటే కనిపించేది.

మానుకోటలో ఒక డాక్టరమ్మ దవాఖానకూ, భూపాలపల్లిలో మరో ప్రైవేటు దవాఖానకూ ఆ ప్రోగ్రాం ఇచ్చారు. అది నచ్చి హైదరాబాదు సంస్థ తమ చేతిలో ఉన్న నలభై క్లినిక్కులకు తీసుకుంటామంది. దాంతోనే ఈ కాగితం వచ్చింది.

"నిజం కాదంటె ఏంది? రాసింది నువ్వే గదా?" అన్నాడు బాలనర్సయ్య.

"ప్రోగ్రాం నేనే రాసిన. లోపల రెండు సామాన్లు వేరేటోళ్ళయి ఉన్నయి. నాకు మూడు దినాలు టైమియ్యుండ్రి సార్. వాళ్ళ లైసెన్సు చదువుత."

"ఇన్నొద్దులు చదువలేదా?"

సుమన తల వంచుకుంది. నిజంగానే చదవలేదు. డౌన్‌లోడ్ చేసిన ప్రతి కట్టలోనూ లైసెన్స్ అనే ఫైలు ఒకటి ఉంటుందని తెలుసు. ఎప్పుడూ తెరవలేదు. కాలేజీలో దాన్ని తెరవమని చెప్పినవాళ్ళూ లేరు.

మూడు రోజులు ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివింది. అర్థం కాని వాక్యాన్ని నోటుబుక్కులో రాసుకుని, ముక్కలుగా విడదీసి, తెలుగులో మళ్ళీ రాసుకుంది. మూడో రోజు సాయంత్రానికి రెండు సంగతులు తేలాయి.

ఒత్తుల లైబ్రరీది మెత్తని షరతు. ఎల్‌జీపీఎల్ అంటారు. అమ్ముకునే ప్రోగ్రాంతో కలిపి ఇవ్వచ్చు, మన సొంత కోడ్ మన దగ్గరే దాచుకోవచ్చు. కానీ లైబ్రరీ వాడామని చెప్పాలి. లైసెన్స్ ప్రతి ఇవ్వాలి. రచయితల పేర్లు తీసెయ్యకూడదు. లైబ్రరీలో మనం చేసిన మార్పుల కోడ్ పుచ్చుకున్నవాళ్ళకు అందాలి. రేపు వాళ్ళు ఆ లైబ్రరీని మార్చి పెట్టుకోదలిస్తే దానికి వీలుండాలి. సుమన అంతా ఒకే ఫైలుగా బిగించేసింది కనుక ఆ వీలు లేకుండా పోయింది.

బార్‌కోడ్ కోడ్‌ది గట్టి షరతు, జీపీఎల్. దాన్ని కలిపి బయటికి ఇస్తే మొత్తం ప్రోగ్రాం కోడ్ కూడా అదే షరతుల మీద ఇచ్చెయ్యాలి. బాలనర్సయ్య దానికి ఒప్పుకోడు. అంటే దాన్ని పీకెయ్యాలి.

ఆ మాట చెప్పడానికి ఆమె చౌరస్తాలోని రిలే దీక్షల శిబిరానికి వెళ్ళాల్సి వచ్చింది. తెలంగాణ కోసం ఊళ్ళో ఒక్కో రోజు ఒక్కో సంఘం కూర్చుంటోంది. ఆ రోజు టైపు, జిరాక్సు దుకాణాల వాళ్ళ వంతు. బాలనర్సయ్య మెడలో గులాబీ కండువాతో చాప మీద కూర్చున్నాడు. విని అటూ ఇటూ చూశాడు. తరువాత గొంతు తగ్గించి అన్నాడు.

"ఆయనెవరో శ్రీకాకుళమాయన అంటున్నవు. గీ టైంల ఆంధ్రాయన పేరు మన సామాన్ల వేసి దవాఖానలకు ఇద్దామా? మంది ఏమనుకుంటరు? పేరు లేకుంటె ఎవరికి ఎరుక?"

"మనకు ఎరుకనే గద సార్. ఇక్కడ దేనికి కూసున్నరు మీరు? మా నీళ్ళు మాయి, మా నౌకర్లు మాయి, గుంజుకున్నరని గద? మరి ఆయన రాసింది మనదని కాయితం మీద సంతకం పెడితె మన మాటకు విలువేముంటది?"

పక్కన కూర్చున్న జిరాక్సు దుకాణపాయన ఇటు తిరిగి చూశాడు. బాలనర్సయ్య కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, మళ్ళీ వేసుకున్నాడు.

"నలభై దవాఖానలు బిడ్డా," అన్నాడు చివరికి.

"పోతె పోనీయుండ్రి సార్. సంతకం నేను పెట్ట."

ఆ సాయంత్రం ఆ రెండు కోడ్‌ల రచయితలకూ సుమన ఈమెయిళ్ళు పంపింది. తప్పు జరిగిందని, తెలియక జరిగిందని, సరిచేస్తున్నామని దాచకుండా రాసింది. బార్‌కోడ్ రాసిన విదేశీ రచయిత మర్యాదగా జవాబిచ్చాడు. ఆ కోడ్‌లో ఆరుగురి చెయ్యి ఉందని, అందరూ ఒప్పుకుంటే తప్ప వేరే అనుమతి ఇవ్వలేనని, ఒకరు ఎక్కడున్నారో కూడా తెలియదని రాశాడు. ఆ దారి మూసుకుపోయింది.

అప్పలసూరి జవాబు రాయలేదు. ఫోన్ చేశాడు.

"ఏటమ్మా, నువ్వేనా సుమనంటే? మందుల చీటీలకి వాడతన్నావా దాన్ని? నేను మా కాలేజీ పిల్లల ప్రశ్నపత్రాల కోసం రాశానమ్మా. ఇలాగ పనికొస్తాదని అనుకోలేదు."

సుమన క్షమాపణ చెప్పబోయింది. ఆయన ఆపేశాడు.

"తప్పు దిద్దుకుంటన్నావు కదా, ఇంకేటి? ఆ మూడు ఒత్తులూ ఎలాగ సరిచేశావో అది పంపించమ్మా నాకు. రెండేళ్ళ నుంచీ కొట్టుకుంటన్నాను వాటితోటి."

ఆమె ఆ రాత్రికి ఆగకుండా అప్పుడే పంపింది. గంటలో మళ్ళీ ఫోన్ మోగింది. ఒక ఒత్తు దగ్గర ఇద్దరికీ మాట కలవలేదు. అరగంట వాదించుకున్నారు. ఆయన యాస ఈమెకూ, ఈమె యాస ఆయనకూ అక్కడక్కడా అందలేదు. అయినా ఒత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చుకునే ఫోన్ పెట్టారు.

సెప్టెంబరు పదమూడున సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి. గనులు ఆగిపోయాయి. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియకుండా పోయింది. వారం తిరగకముందే బస్సులు డిపోల్లో నిలబడిపోయాయి.

కరెంటు ఉన్నంతసేపు సుమన కంప్యూటరు ముందు కూర్చునేది. పోగానే వరండాలోకి వచ్చి కాగితం మీద రాసుకునేది. బార్‌కోడ్‌ను పాత కోడ్ వైపు కన్నెత్తి చూడకుండా మొదటి నుంచి తనే రాయాలని పట్టుబట్టింది. పాత ఫైలును తన కంప్యూటరు నుంచి తీసేసింది. గీతల కొలతలు ఎలా ఉండాలో అందరికీ తెలిసిన ప్రమాణం ఒకటి ఉంది. దాన్ని అచ్చు తీసి గోడకు అతికించుకుని ఒక్కో అంకెకూ చేత్తో గీతలు గీసి చూసుకుంది. పదకొండు రోజులు పట్టింది. ఒత్తుల లైబ్రరీని తన ప్రోగ్రాం నుంచి విడదీసి వేరే ఫైలుగా పెట్టింది. కొత్తది తెచ్చి ఆ పేరుతోనే అక్కడ వేస్తే ప్రోగ్రాం దాన్నే అందుకుంటుంది.

మధ్యలో హైదరాబాదు సంస్థ మేనేజర్ ఫోన్ చేశాడు.

"అందరూ పెట్టే సంతకమేనండీ అది. లోపల ఏముందో ఎవరు తెరిచి చూస్తారు?"

"తెరిచి చూసేటోళ్ళు లేరని అబద్ధం రాయలేను సార్. ఆ వాక్యం మారిస్తె పెడత. ఏది మాది, ఏది ఎవరిది, ఏ షరతు మీద తెచ్చినమో జాబితా ఇస్త."

"చూసి చెబుతాం," అని పెట్టేశాడు.

ఇక మిగిలింది ఇచ్చేసిన రెండు చోట్లా పాతది తీసి కొత్తది పెట్టడం. సమ్మె అయ్యేదాకా ఆగుదామన్నాడు బాలనర్సయ్య. "తప్పని తెలిసినంక ఒక్కొక్క రోజు అట్లనే ఉంచుడు నాతోని కాదు సార్," అంది సుమన. రైళ్ళు నడుస్తున్న ఒక రోజు చూసుకుని మానుకోట వెళ్ళింది. డాక్టరమ్మ అంతా విని, "నా దగ్గర పనిచేస్తే చాలమ్మా, పేర్లు ఎవరివైతే నాకేం?" అంది. అయినా సుమన ఇచ్చిన సీడీనీ, లైసెన్స్ కాగితాలనూ బీరువాలో భద్రంగా పెట్టించింది.

భూపాలపల్లికి రైలు లేదు. వరంగల్ దాకా రైల్లో వెళ్ళి, అక్కడి నుంచి పరకాల దాకా కిక్కిరిసిన షేర్ ఆటోలో, తరువాత రేగొండ దాకా పత్తి మందుల డబ్బాలు మోస్తున్న ట్రాలీలో పోయింది. రేగొండలో గంటన్నర నిలబడితే ఒక టీచరమ్మ స్కూటీ ఆపి ఎక్కించుకుంది. భూపాలపల్లి మొగదల ఆ స్కూటీ కూడా ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు. గని కార్మికుల కుటుంబాలు రోడ్డు మీదే వండుకు తింటున్నాయి. బువ్వ ఉడుకుతున్న వాసనా, డప్పుల చప్పుడూ కలిసి వస్తున్నాయి.

టీచరమ్మ అక్కడే దిగి వంటల దగ్గరికి పోయింది. సుమన సంచి భుజాన వేసుకుని నడవబోతే తెల్లమీసాల కార్మికుడు ఒకాయన చేయి అడ్డం పెట్టాడు. పేరు కనకయ్య.

"ఎటు పోతున్నవు బిడ్డా? అందరం పని బంజేస్తె నువ్వు సంచేసుకొని పనికి పోతున్నవా?"

"పని కాదు బాపు, జనగామ నుంచి వచ్చిన. దవాఖాన కంప్యూటర్ల తప్పు సామాను పెట్టినం. అది తీసి మంచిది పెట్టాలె."

"ఏం తప్పు? మందులు తప్పు చెప్తదా?"

"లేదు, మందులు సరిగనే చెప్తది. వేరేటోళ్ళు రాసింది మా పేరు మీద ఇచ్చినం. ఎవరిది వాళ్ళ పేరు మీద ఉండాలె గద?"

కనకయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "దానికోసం జనగామకెళ్ళి వచ్చినవా, బస్సుల్లేని కాలంల?"

"అవును."

ఆయన వెనక్కి తిరిగి, "ఓ కొమురవ్వా, గీ పిల్లకు ఒక ఇస్తారెయ్యి. తిన్నంకనే దాటనిస్త," అని కేకేశాడు. కొమురవ్వ అనే పెద్దావిడ వేడి అన్నమూ, వంకాయ కూరా వడ్డించింది. పొద్దుటి నుంచి ఏమీ తినని సుమన రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని రెండోసారి కూడా పెట్టించుకుని తింది. కనకయ్య తనే దవాఖాన దాకా తోడొచ్చాడు.

అక్కడి కంప్యూటరు ఆపరేటరు ఐలేశ్, పాతికేళ్ళవాడు. కరెంటు నాలుగు గంటలకు వస్తుందని కూర్చోబెట్టాడు. వచ్చింది. పాత ప్రోగ్రాం తీసి కొత్తది ఎక్కించేలోపు రెండుసార్లు పోయింది. ఐలేశ్ పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"అక్కా, గీ ఫైలు వేరే ఎందుకు పెట్టినవు? ఒకటే ఉంటె అల్కగ ఉండు గద?"

"అది మాది కాదు తమ్మీ. దాన్ని మార్చుకునే హక్కు నీకున్నది. అందుకే నీ చేతికి అందేటట్టు పెట్టిన." ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో, ఎలా మార్చాలో కాగితం మీద రాసిచ్చింది. సీడీలో ఒత్తులకు తను చేసిన మార్పుల కోడ్ కూడా ఉందని చెప్పింది. తెర మీద కొత్తగా వచ్చిన పేజీని అతను బయటికే చదివాడు. ఒత్తుల లైబ్రరీ రచయితలు, కింద గొర్లె అప్పలసూరి, శ్రీకాకుళం. గుమ్మం దగ్గర కనకయ్య విన్నాడు.

ఆ పొద్దు తిరుగు ప్రయాణానికి దారి లేక కొమురవ్వ ఇంట్లోనే పడుకుని మర్నాడు జనగామ చేరింది సుమన.

సమ్మె అక్టోబరు చివరలో ముగిసింది. హైదరాబాదు సంస్థ నుంచి నవంబరులో రెండు వరుసల ఉత్తరం వచ్చింది. వాళ్ళు వేరే కంపెనీ దగ్గర తీసుకుంటున్నారట. బాలనర్సయ్య దాన్ని చదివి మడిచి సొరుగులో పెట్టాడు. వారం రోజులు సుమనతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆమె కూడా తన వల్ల పోయిందని కుమిలింది. ఒక మధ్యాహ్నం రాజీనామా కాగితం రాసి తీసుకెళ్ళింది.

ఆయన టైపు మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. కంప్యూటరు ఉండగా ఆయన ఆ మిషన్‌ను ముట్టుకుని ఏళ్ళయింది. రోలరు మీద ఒక కాగితం ఉంది. ఏది తమదో, ఏది ఎవరిదో సుమన రాసిపెట్టిన జాబితాను, రచయితల పేర్లతో సహా తెలుగులో టైపు చేస్తున్నాడు.

"ఏంది సార్ గిది?"

"ఇగనుంచి మనం ఎవరికి ప్రోగ్రామిచ్చినా, మొదలు గీ కాయితమిద్దాం. కంప్యూటరు తెర మంది చూడరు, కాయితం చూస్తరు." తలెత్తకుండానే అడిగాడు. "నీ చేతిలదేంది?"

సుమన కాగితాన్ని మడిచి నోటుబుక్కులో పెట్టుకుంది. "ఏం లేదు సార్."

మరుసటి వేసవిలో ఐలేశ్ ఫోన్ చేశాడు. దవాఖానలో ప్రింటరు మారిందట. కొత్తదాని మీద అక్షరాలు చిట్లిపోతుంటే సుమన రాసిచ్చిన కాగితం చూసి, లైబ్రరీ కొత్త రూపాన్ని తెచ్చి తనే వేసుకున్నాడు. ఇప్పుడు బాగానే వస్తున్నాయి.

"నన్నడిగితె నేనొచ్చేదాన్ని గద?" అంది సుమన.

"ఎందుకక్కా, మళ్ళ ట్రాలీలెక్కి రావాల్నా? నాతోనే అయింది."

ఆ వేసవి చివరికి స్టేషన్ ఘన్‌పూర్‌లో, నర్సంపేటలో, తొర్రూరులో కలిపి పదమూడు దవాఖానలు మందుచీటిని తీసుకున్నాయి. నలభైకి అది చాలా దూరమే. ప్రతి చోటికీ సుమనే వెళ్ళి, ముందు బాలనర్సయ్య టైపు చేసిన కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఏది మాది, ఏది ఎవరిది అని చదివి వినిపించేది. కొందరు విసుక్కునేవాళ్ళు. అయినా చివరి పేరు దాకా చదివాకే కంప్యూటరు ఆన్ చేయమనేది.